ముక్కుసూటితనం ఎవరి హక్కు?

పోయిన ఏడాది ఒక నాటక దర్శకుడు కన్నుమూశారు. ఎం.ఏ. చదివే రోజుల్లో నేను ఆయన దగ్గర రెండు నెలలు నటనలో శిక్షణ పొందాను. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. ఇది ఆయన ఒక్కరి గురించే అయితే ఈ వ్యాసమే అవసరం లేదు.

సంస్మరణ సంచిక వేస్తున్నాం, నాలుగు పేజీలు రాసివ్వమని అడిగారు. రాసిచ్చాను. వారం తర్వాత సంపాదకులు ఫోన్ చేశారు. "వ్యాసం చాలా బాగుందమ్మా. మూడో పేజీలో ఒక్క పేరా తీసేద్దాం. పోయినాయన గురించి ఇప్పుడెందుకు? ఆయన ముక్కుసూటి మనిషి. మాట కటువే గానీ కడుపులో ఏమీ ఉండేది కాదు" అన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచిస్తూ ఉంటే ఆ పేరా కంటే ఆయన అన్న మాటలే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. మాట కటువు, మనసు వెన్న. తిట్టారంటే ప్రేమున్నట్టు. రాయి ఉలిదెబ్బలు తింటేనే శిల్పం. నాటకరంగంలో ఈ మాటలు వినని వాళ్ళుండరు. ఇవి ఏం చెప్తున్నాయి? ఏం దాస్తున్నాయి?

సాహిత్య విద్యార్థిగా నాకొక అలవాటుంది. సన్మాన సంచికలు, నటుల ఆత్మకథలు, సభల్లో చెప్పుకునే జ్ఞాపకాలు, వీటన్నిటినీ ఒకే ప్రక్రియగా చదువుతాను. అలా చదివితే ఒక కథ మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. కుర్రవాడు కాస్త గర్వంతో గురువు దగ్గరికి వస్తాడు. గురువు అందరి ముందూ అవమానిస్తాడు, లేదా చెంప పగలగొడతాడు. కుర్రవాడు రాత్రంతా ఏడుస్తాడు. తెల్లారి మళ్ళీ వెళ్తాడు. ఇరవై ఏళ్ళ తర్వాత వేదిక మీద నిలబడి, ఆ దెబ్బే నన్ను నటుణ్ణి చేసిందంటాడు. చప్పట్లు.

ఈ కథలో అబద్ధం ఉందని నేననను. కానీ ఇది చెప్పేవాళ్ళంతా మర్నాడు తిరిగి వెళ్ళినవాళ్ళే. వెళ్ళనివాళ్ళు ఏ సంచికలోనూ వ్యాసం రాయరు. వాళ్ళలో ఆడపిల్లలు ఎందరుంటారో ఊహించడం కష్టం కాదు. రిహార్సల్‌కి వెళ్ళడానికే ఇంట్లో పది అబద్ధాలు చెప్పి వచ్చిన పిల్ల చెంప మీద వేళ్ళ గుర్తులతో ఇంటికెలా పోతుంది? మగపిల్లవాడికి అది ఒక అనుభవం. ఆమెకు అదే ఆఖరి రోజు.

ముక్కుసూటితనాన్ని నేను మొత్తంగా తిరస్కరించడం లేదు. తెలుగు నాటకానికి అది చేసిన మేలు తక్కువది కాదు. బళ్ళారి రాఘవనే (1880-1946) తీసుకోండి. పాత్ర ఏడవాల్సిన చోట నటుడు రాగం అందుకుని వన్స్‌మోర్ల కోసం చూసే పద్ధతిని ఆయన బాహాటంగా నిరసించారు. ఆడవేషం ఆడవాళ్ళే వెయ్యాలన్నారు. ఆ మాట అన్నది ఏ కాలంలో? స్త్రీ పాత్రధారణలో స్థానం నరసింహారావు (1902-1971) వంటి మహానటులు జనాన్ని ఉర్రూతలూగిస్తున్న కాలంలో. స్థానం వారి సత్యభామ కట్టూబొట్టూ చూసి ఆడవాళ్ళే నేర్చుకున్నారని ఈనాటికీ మురిపెంగా చెప్పుకుంటారు. ఆ మెప్పులో ఎంత కళాభిమానం ఉందో, ఆడవాళ్ళకు ఆడతనం కూడా మగవాళ్ళే నేర్పాలన్న నమ్మకమూ అంతే ఉంది. అలాంటి రోజుల్లో రాఘవ మాట ప్రేక్షకుల అలవాటుకూ, పేరుమోసిన సాటి నటుల పద్ధతికీ ఎదురు వెళ్ళింది. ఆయన కటువుగా మాట్లాడింది తనకు జవాబు చెప్పగలిగిన వాళ్ళతో. ఈ తేడా మనం గుర్తుంచుకోవాలి.

అయితే రాఘవ కథను చెప్పే తీరులోనూ ఒక చిక్కుంది. "రాఘవ స్త్రీలను రంగస్థలం మీదికి తెచ్చారు" అని రాస్తారు. ఆయనతో కలిసి నటించిన కొమ్మూరి పద్మావతీదేవి రచయిత్రి కూడా. ఆ రోజుల్లో ఒక కుటుంబ స్త్రీ ముఖానికి రంగు వేసుకోవడమంటే ఏం పణం పెట్టినట్టో ఆ వాక్యంలో ఉండదు. ఆమె వచ్చింది అని రాయం, ఆయన తెచ్చారు అని రాస్తాం. పైగా "కుటుంబ స్త్రీ" అనే మాట ఇంకొందరిని చెరిపేస్తుంది. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన సురభి నాటక సమాజాల్లో ఆడవేషాలు ఆ ఇళ్ళ ఆడవాళ్ళే వేశారు. అవసరమైతే మగవేషాలూ వేశారు. వాళ్ళు తల్లులు, కూతుళ్ళు, కోడళ్ళు. అంతకంటే కుటుంబ స్త్రీలు ఎవరుంటారు?

మా అమీన్‌పూర్ నుంచి శేరిలింగంపల్లిలోని సురభి కాలనీకి పెద్ద దూరం లేదు. సురభి వాళ్ళ నాటకం చూసిన ప్రతిసారీ నా కళ్ళు చిన్నపిల్లల మీదే ఉంటాయి. బాల ప్రహ్లాదుడిగా, బాలకృష్ణుడిగా వచ్చే పిల్లలు తెర అంటే బెరుకు లేకుండా తిరుగుతుంటారు. అక్కడ నేర్చుకోవడం పుట్టుకతోనే మొదలవుతుంది. ఆ 'పుట్టుక' అన్న మాట చుట్టూ కూడా ఒక ప్రసిద్ధ కథ ఉంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి రంగస్థలం మీదే పుట్టిందని చెబుతారు. తల్లి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగా నొప్పులు వచ్చాయట. అదీ నాటకంలో భాగమేననుకున్న ప్రేక్షకులు, సంగతి తెలిశాక డబ్బులు కురిపించారట. ఈ కథను ఎప్పుడూ కళాభక్తికి నిదర్శనంగానే చెబుతారు. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి వేషం ఎందుకు కట్టాల్సి వచ్చిందని ఒక్కరూ అడగరు. "ఆట ఆగకూడదు" అన్నది మన రంగస్థలం మొదటి సూత్రం. ఆ సూత్రాన్ని ఎవరి శరీరాలు మోశాయన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

కూచిపూడి వైపు చూస్తే ఈ ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ సంప్రదాయ కుటుంబాల్లో విద్య మగపిల్లలది. సత్యభామ జడ వేసుకుని ప్రవేశించేది మగవాడు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామ ఆ సంప్రదాయానికి శిఖరం. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటివారు ఆడవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించాక ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. అయినా సంప్రదాయ కుటుంబాల ఆడవాళ్ళు అగ్రహారం గడపలోనే ఎలా నిలిచిపోయారో హర్షిత మృత్యుంటి కామత్ 2019లో వెలువడిన తన పరిశోధన గ్రంథంలో చర్చించారు. గురువు చేతి బెత్తం గురించి మాట్లాడేటప్పుడు మనం ఇదీ ఆలోచించాలి. కొందరిని కొట్టి నేర్పారు. కొందరికి ఆ కొట్టించుకునే అర్హత కూడా లేకుండా చేశారు. రెండో దానికి గాయం కనపడదు.

మన నాటక సాహిత్యంలో అందరికంటే ముక్కుసూటిగా మాట్లాడే ఆడమనిషి ఎవరంటే నేను మధురవాణి పేరే చెబుతాను. గిరీశాన్ని, రామప్పంతుల్ని ఆమె నిలదీసినట్టు ఇంకెవరూ నిలదీయరు. కానీ సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేసరికి గురజాడ ఆమెకు మగవేషం వేయించారు. ఆ వేషంలో ఉన్నంతసేపూ ఆయన మర్యాదగా వింటాడు. అది నాటకీయత కోసమే అనుకోవచ్చు. నాకు మాత్రం అది ఆనాటి సమాజం మీద గురజాడ చేసిన నిక్కచ్చి వ్యాఖ్యలా కనిపిస్తుంది. మగవేషంలో ఉంటే అది వాదన, ఆడవేషంలో ఉంటే అది గయ్యాళితనం. ఆ పాత్రను చాలాకాలం మగనటులే వేశారని గుర్తుచేసుకుంటే సంగతి ఇంకా స్పష్టమవుతుంది.

పక్కనే ఉన్న సినిమా రంగంలో భానుమతి (1925-2005) సంగతి మనకు తెలిసిందే. నటి, గాయని, 1953లో 'చండీరాణి' తీసిన దర్శకురాలు, 'అత్తగారి కథలు' రాసిన రచయిత్రి. షూటింగుకు ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ చెప్పమంటే చెప్పనన్నందుకే 'మిస్సమ్మ' (1955) ఆమె చేజారిందని అంటారు. ఆ సంగతి చెప్పే ప్రతివాళ్ళూ వాడే మాట ఒకటే: పొగరు. అదే సెట్లో అరిచే మగ దర్శకుడికి మనం వాడే మాట 'పర్‌ఫెక్షన్'. స్వభావం ఒకటే, పేర్లు రెండు.

బెంగాల్ నుంచి ఒక ఉదాహరణ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. బినోదినీ దాసి (1863-1941) పన్నెండేళ్ళ వయసులో రంగస్థలం ఎక్కింది. ఆమె గురువు గిరీశ్‌చంద్ర ఘోష్. 1883లో కలకత్తాలో కొత్త నాటకశాల కట్టడానికి డబ్బు పెట్టే ధనికుడు ఆమెను తన దగ్గర ఉంచుకోవాలన్నాడు. నాటకం కోసం ఆమె ఒప్పుకుంది. నాటకశాలకు ఆమె పేరు పెడతామన్నారు. తీరా 'స్టార్ థియేటర్' అని పెట్టారు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకే ఆమె రంగస్థలం వదిలేసింది. తర్వాత ఎప్పటికో ఆత్మకథ రాసి గురువునే ముందుమాట అడిగింది. ఆయన రాశారు. జరిగిన విషయాలు కొన్ని అందులో లేవని ఆమెకు తృప్తి కలగలేదు. మళ్ళీ రాయమంది. అప్రియమైన సత్యం అన్నిచోట్లా చెప్పదగినది కాదన్నట్టు ఆయన సర్దిచెప్పారు. తిరగరాయకుండానే 1912లో చనిపోయారు. ఈ సంగతంతా బినోదిని తన పుస్తకంలో తానే చెప్పుకుంది. గురువు పట్ల ఆమె భక్తి ఎక్కడా తగ్గదు. అడగడమూ ఆపదు.

సంపాదకుల ఫోన్ తర్వాత నేను మళ్ళీ తీసి చదివింది ఈ భాగమే. గురువు శిష్యురాలితో నిర్మొహమాటంగా మాట్లాడొచ్చు, అది విద్య. శిష్యురాలు గురువు గురించి నిర్మొహమాటంగా రాస్తే అది అప్రియం. సత్యం పైనుంచి కిందికి మాత్రమే ప్రవహించాలన్నమాట.

ఎదురు చెప్పినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో గ్రూప్ థియేటర్ నటి స్టెల్లా ఆడ్లర్, లీ స్ట్రాస్‌బర్గ్ చేయించే పద్ధతితో విసిగిపోయింది. సొంత జీవితంలోని బాధల్ని తవ్వి తీసి పాత్రకు వాడాలన్నది ఆ పద్ధతి. 1934లో ఆమె పారిస్‌లో స్తానిస్లావ్‌స్కీనే కలిసి కొన్ని వారాలు పనిచేసింది. తిరిగొచ్చి, జ్ఞాపకాల కంటే నాటకంలోని పరిస్థితులూ, పాత్ర చేసే పనులూ ముఖ్యమని ఆయనే చెప్పాడని బృందం ముందు వివరించింది. స్ట్రాస్‌బర్గ్ ఒప్పుకోలేదు. ఆమె తన దారిన తాను బోధించింది. నటి గాయాన్ని కెలికితే తప్ప నటన రాదన్నది సూత్రమేమీ కాదని అప్పుడే, ఒక స్త్రీ నోటి నుంచే వచ్చింది. తొంభై ఏళ్ళు దాటినా మన రిహార్సల్ గదుల్లో ఇంకా కొందరు కెలుకుతూనే ఉన్నారు.

ఇక ఆ పేరా గురించి.

నేను పటాన్‌చెరు పిల్లని. నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. శిక్షణలో మొదటి రోజే మాస్టారు నా చేత ఒక సంభాషణ చదివించి, "నీ నోట్లో మీ పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఉందమ్మా, అక్షరాలన్నీ పొగచూరి బయటికొస్తున్నాయి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నెల రోజులు నా 'ణ'నీ 'ళ'నీ దిద్దారు. ఊపిరి పొట్టలోంచి తీసి చివరి వరసకు వినిపించేలా పలకడం ఆయనే నేర్పారు. ఈరోజు రెండొందల మంది ఉన్న తరగతిలో మైకు లేకుండా పాఠం చెప్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఈ కృతజ్ఞత నా వ్యాసంలో రెండు పేజీలు ఉంది. దాన్నెవరూ తీసేయమనలేదు. మా తెలంగాణ మాట తప్పెలా అయింది, రంగస్థల భాష కోస్తా భాషే ఎందుకయింది అని అడగడానికి నాకు పదేళ్ళు పట్టింది.

తీసేయమన్న పేరా నా స్నేహితురాలి గురించి. ఆమెది బిడ్డ చనిపోయిన తల్లి పాత్ర. మూడు రోజులైనా ఏడుపు రావడం లేదు. నాలుగో రోజు మాస్టారు మాట్లాడుతూ మాట్లాడుతూనే చాచి చెంప మీద కొట్టారు. ఆమె నిర్ఘాంతపోయింది, తర్వాత కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "అదీ! ఇప్పుడు చెప్పు డైలాగు" అన్నారాయన. ఆమె చెప్పింది. అద్భుతంగా చెప్పింది. మేమంతా చప్పట్లు కొట్టాం. మర్నాటి నుంచి ఆమె రాలేదు. ఆ పాత్ర ఇంకొకరు వేశారు. "తట్టుకోలేకపోయింది, కళకు పనికిరాదు" అని మాస్టారు తన అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పారు. మేం తలూపాం.

విమర్శకురాలిగా ఇప్పుడు నా ప్రశ్న: ఆ రోజు మేం చూసింది నటనేనా? దెబ్బ తిన్న మనిషి ఏడవడం నటన ఎలా అవుతుంది? మర్నాడు ప్రదర్శనలో ఆ కన్నీళ్ళు మళ్ళీ కావాలంటే మళ్ళీ కొడతారా? ఆ దెబ్బలో విద్య లేదు. నేర్పడం చేతకాని చోట చెయ్యి లేచింది, అంతే. కఠిన శిక్షణ అంటే ఇది కాదు. 1962 నుంచి 1977 వరకు నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను నడిపిన ఇబ్రహీం అల్కాజీ క్రమశిక్షణకు విద్యార్థులు వణికేవారని ప్రతీతి. మరుగుదొడ్లు శుభ్రంగా లేకపోతే ఆయనే కడిగి చూపించారని కూడా ఆ విద్యార్థులే చెప్పుకున్నారు. ఆయన పద్ధతి మీదా ఎన్నో విమర్శలు ఉండొచ్చు. కానీ పనిని కష్టతరం చేయడం వేరు, మనిషిని చిన్నది చేయడం వేరు. "ఈ వాక్యం నువ్వు అర్థం చేసుకోకుండా చెప్తున్నావు" అంటే నేను మళ్ళీ చదువుకుంటాను. "నీ నోట్లో ఫ్యాక్టరీ ఉంది" అంటే నేనేం చెయ్యాలి? మా నాన్నను మార్చుకోవాలా?

చట్టం మనకు కొంతవరకే ఉపయోగపడుతుంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీలు ఉండాలని అందులో ఉంది. కానీ మన నాటక బృందాల్లో చాలావాటికి జీతాలుండవు, హాజరు పట్టీ ఉండదు, యజమాని ఎవరంటే గురువుగారే. చెంపదెబ్బా, యాస మీద ఎగతాళీ ఆ చట్టం నిర్వచనంలోకి రావు. మలయాళ సినిమా రంగం మీద 2017లో వేసిన హేమ కమిటీ 2019లో నివేదిక ఇస్తే, అది బయటికొచ్చేసరికి 2024 ఆగస్టు అయింది. డబ్బూ పేరూ ఉన్న రంగంలో స్త్రీల మాట వినబడటానికే అన్నేళ్ళు పడితే, సాయంత్రం పూట అద్దె హాల్లో జరిగే రిహార్సల్ గురించి ఎవరు మాట్లాడాలి? మనమే.

మనమే అన్నాను గనక నా సంగతీ చెప్పాలి. రెండేళ్ళ కిందట మహిళా దినోత్సవానికి మా దగ్గరి బడిలో ఆడపిల్లల చేత చిన్న నాటిక వేయించాను. ఈ పారిశ్రామిక ప్రాంతంలో బడి అంటే సగం దేశం అక్కడే ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, ఒడిశా నుంచి పనికొచ్చిన వాళ్ళ అమ్మాయి, ఒక మాటను ఎంతకీ నేను చెప్పినట్టు పలకడం లేదు. ఐదోసారి నేను ఆమె పలికినట్టే వెక్కిరిస్తూ పలికి చూపించాను. పిల్లలంతా నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. పదిహేనేళ్ళ కిందట అది నా మొహం మీద ఉంది.

ఇంటికి వస్తూ పెద్ద చెరువు కట్ట దగ్గర బండి ఆపి చాలాసేపు నిలబడ్డాను. గురువులు మనకు విద్యతో పాటు వాళ్ళ చేతినీ ఇస్తారు. అది మన చెయ్యిగా మారిపోయిందని ఎవరి మీదో లేచినప్పుడు గాని తెలియదు. మర్నాడు ఆ పిల్లకు అందరి ముందే "నిన్న నేను చేసింది తప్పు" అని చెప్పాను. "పర్లేదు టీచర్" అంది. పర్లేదు కాదని చెప్పడానికి నాకు ఇంకో పది నిమిషాలు పట్టింది. ఆ మాటను ఆమె తన తీరులోనే చెప్పింది. చివరి వరస దాకా వినబడింది.

సంపాదకులకు జవాబు చెప్పే ముందు నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె కథను ఆమెను అడగకుండా రాయడం నేను చేసిన ఇంకో పొరపాటు. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా పేరు రాయకే. ఆయన కొట్టింది రాసినా రాయకపోయినా నాకొకటే. మీరు చప్పట్లు కొట్టారు చూడు, అది మాత్రం రాయి" అంది.

సంచిక నుంచి నా వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఆ రెండు పేజీల కృతజ్ఞత అబద్ధం కాదు. ఆ ఒక్క పేరా లేకుండా అది నిజం కూడా కాదు. రంగస్థలం మీద పనిచేసిన, చేస్తున్న, మధ్యలో వదిలేసిన స్త్రీలు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. మర్నాడు వెళ్ళనివాళ్ళు కూడా రాయండి. మన నాటక చరిత్రలో ఆ పేజీలే ఇంకా ఖాళీగా ఉన్నాయి.